తడి తలతో వచ్చే అల్లుడు

కార్వాన్, హైదరాబాదు
12 సెప్టెంబరు 1985

చి. సౌ. నాగమణికి,

నీ ఉత్తరం అందింది. నిర్మల్‌లో నీళ్లు బాగున్నాయని, రాధకు జలుబు తగ్గిందని, బడిలో నలుగురు మాస్టార్లు నిన్ను చూడగానే లేచి నమస్కారం పెడుతున్నారని రాశావు. ఆ బడిలో మాస్టార్లు ఐదుగురని మొదటి ఉత్తరంలో నువ్వే రాసినట్టు గుర్తు. లేవని వాడి గురించి రాయాలి గాని, లేచే వాళ్ల గురించి రాస్తే హెడ్మాస్టరమ్మ సంగతి నాకేం తెలుస్తుంది?

ఇక్కడి సంగతి. నువ్వు ప్రమోషన్ మీద వెళ్లి మూడు నెలలైంది. అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదని మా అమ్మ నాకు నేర్పింది. పదహారేళ్లుగా మీ ఆయనతో నేను నీ నోటితోనే మాట్లాడాను. నువ్వు ఆ నోరు తీసుకుని నిర్మల్ వెళ్లిపోయావు. ఇప్పుడు అంట్లు తోమే పుష్పమ్మ ఉన్నంతసేపు ఆమెకు చెప్తాను, ఆమె అటు తిరిగి అదే మాట మళ్లీ అంటుంది. ఆమె వెళ్లాక వంటింటి తలుపుకు చెప్తాను. "చారు కాగింది" అని నేను తలుపుతో అంటే, "సరే" అని మీ ఆయన గోడ గడియారంతో అంటారు. ఈ ఇంట్లో తలుపుకూ గడియారానికీ బాగానే పొసుగుతోంది.

అసలు విషయం ఇది. మీ ఆయన నెల రోజులుగా తెల్లవారక ముందే లేచి వెళ్తున్నారు. ఏడింటికి తిరిగి వస్తారు. వచ్చేటప్పుడు తల తడిగా ఉంటుంది, కళ్లు ఎర్రగా ఉంటాయి. ఇంట్లో కాగులో వేడినీళ్లు అట్లాగే ఉంటాయి. ఇల్లూ వాకిలీ ఉన్న మగవాడు స్నానం ఎక్కడ చేసి వస్తున్నాడు? స్కూటరు వరండాలో దుమ్ము పట్టింది. ఎవరి దగ్గరో పాత సైకిలు కొని దాని మీద తిరుగుతున్నారు. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నారు. నలభై నాలుగేళ్లకు మగవాడు ఊరికే సన్నబడడు.

నేనేమీ అనడం లేదు. చూసింది రాశాను.

తొమ్మిదో ఎక్కం రాధకు వచ్చిందో లేదో తిరుగు టపాలో రాయి.

మీ అమ్మ,
లలితమ్మ

*

నిర్మల్
19 సెప్టెంబరు 1985

అమ్మకు నమస్కారాలు.

ఐదో మాస్టారు కూడా లేస్తున్నాడు. ఆయనకు మోకాళ్ల నొప్పి, లేచేసరికి నేను దాటిపోతాను. అందుకని లెక్కలోకి తీసుకోలేదు.

నీ ఉత్తరం చదివి నేనూ రాధా నవ్వుకున్నాం. ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు రోజంతా బోల్టులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పొట్ట రాకుండా ఎట్లా ఉంటుంది? ఎవరో నడవమని చెప్పి ఉంటారు. పొట్ట తగ్గించుకోమని పెళ్లయిన మూడో ఏడు నుంచి నేనే చెప్తున్నాను. తల తడి అంటావా, చెమట కావచ్చు.

అయినా ఒకే కప్పు కింద ఉన్న మనిషిని అడగడానికి నూటముప్పై మైళ్ల దూరం ఉత్తరం రాయడం ఏమిటమ్మా? "ఎక్కడికి వెళ్తున్నారు" అని ఒక్క మాట అడుగు. ఆయన నిన్ను కొరకరు.

రాధకు తొమ్మిదో ఎక్కం తొమ్మిదేళ్లప్పుడే వచ్చు. దానికిప్పుడు పదమూడు.

నాగమణి

*

కార్వాన్
8 అక్టోబరు 1985

చి. నాగమణికి ఆశీస్సులు.

చెమట సబ్బు వాసన వేయదు. నేను చదువుకున్నది ఉర్దూలోనైనా ఆ పాటి ప్రకృతి శాస్త్రం మాకూ చెప్పారు.

ఎందుకు అడగవు అన్నావు. పదహారేళ్లు మాట్లాడకుండా ఉండి, మొదటి మాటగా "ఎక్కడ స్నానం చేస్తున్నారు" అని అడగమంటావా? మర్యాద అన్నది ఒకసారి వదిలితే మళ్లీ దొరకదు.

నిన్న పుష్పమ్మకు ఉతకడానికి బట్టలు వేస్తూ చొక్కా జేబు చూశాను. జేబులు చూడటం నా అలవాటు కాదు, బట్టలతోపాటు కాగితాలు నానిపోతాయని చూశాను. ఒక చీటీ దొరికింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "రాహేలు. ఒక మంగళవారం విడిచి ఒక మంగళవారం. పొద్దున ఏడు గంటలు. ఏమీ తినకుండా రావాలి. మర్చిపోవద్దు."

ముప్పై రెండేళ్లు పిల్లల రాత దిద్దిన దాన్ని. ఇది ఆడచేతి రాత. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, తప్పులు లేవు. తప్పుల్లేకుండా రాసే ఆడది మరీ ప్రమాదం. ఇంకొకటి చూడు. ఏ ఆడదైనా మగవాణ్ణి పరగడుపున ఎందుకు రమ్మంటుంది? తన చేతి వంట తినిపించడానికి. అందుకే ఇక్కడ అన్నం ముట్టడం లేదు. రెండు జొన్నరొట్టెలు, ఇన్ని ఆకుకూరలు. మొన్న నేను నెయ్యి పోసి సేమ్యా పాయసం చేస్తే, "పుష్పా, అత్తమ్మకు చెప్పు, కడుపుల జాగా లేదని" అన్నారు. పొట్ట తగ్గించుకున్న మనిషికి జాగా లేదట.

పాయసం పుష్పమ్మ తీసుకుపోయింది. గిన్నె ఇంకా తేలేదు.

చీటీ మళ్లీ ఆ జేబులోనే పెట్టాను. దొంగకు మనం చూసినట్టు తెలియకూడదు.

లలితమ్మ

*

నిర్మల్
16 అక్టోబరు 1985

అమ్మకు,

నీ ఉత్తరం ఈసారి రాధకు చూపించలేదు.

రాహేలు ఎవరో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఆ పేరు ఎత్తలేదు. ఆయన నాకు వారానికో కార్డు రాస్తారు. ఇదివరకు దాని నిండా ఫ్యాక్టరీ లొల్లి ఉండేది, ఎవరు ఎవరితో కొట్లాడారు, ఎవరి బదిలీ ఆగింది. ఇప్పుడు మూడే వాక్యాలు. "నేను మంచిగున్న. ఆరోగ్యం మంచిగుంది. నా ఫికర్ చేయకు." అడగని దానికి జవాబు రాసినట్టు ప్రతి కార్డులో ఇదే. నువ్వు చెప్పకముందు ఇది నాకు కనపడలేదు. ఇప్పుడు పాత కార్డులన్నీ వరుసగా పెట్టుకుని చూస్తున్నాను.

ఇంకో మాట. జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఈ హెడ్మాస్టరు పని నాకు ఇప్పటికి తాత్కాలికమే. జనవరి 31లోగా ఒప్పుకుంటున్నానని రాసిస్తే ఖాయమవుతుంది. వద్దని రాసిస్తే కార్వాన్ బడికి పాత టీచరుగానే వెనక్కి రావచ్చు. ఒకసారి వద్దంటే మళ్లీ ఇవ్వరు. పదిహేడేళ్లు ఎదురుచూసిన కుర్చీ అమ్మా ఇది. ఇల్లు సరిగా ఉంటే ఆలోచించే పనే లేదు.

ఆయన్ని అడుగు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నాగమణి

*

కార్వాన్
18 నవంబరు 1985

చి. సౌ. నాగమణికి,

కాళ్లు పట్టుకోవద్దు, అసలే వాచి ఉన్నాయి. చలి మొదలైంది.

అడగలేదు. కాని ఊరికే కూర్చోలేదు. మంగళవారం పొద్దున పుష్పమ్మను వెనకాల పంపాను. పురానాపూల్ వంతెన దాకా వెళ్లి వచ్చి గడపలో కూలబడింది.

"అమ్మా, సారు సైకిల్ మీద ఫట్‌ఫట్ పోతుండు, నేను ఉరికి ఉరికి సచ్చిన" అంది.

"చచ్చింది చాలు. ఏం చూశావు?"

"పూల్ దాటినంక ఒక తెల్లచీర ఆమె నిలవడ్డది. సారు సైకిల్ దిగిండు. ఆమె ఒక కాయిదం ఇచ్చింది. సారు సదివి నవ్విండు."

"ఎట్లా నవ్వాడు?"

"మన ఇంట్ల నవ్వనట్లు నవ్విండమ్మా."

"ఆమె వయసెంత?"

"ఎన్క నుంచి చూసిన. ఎన్కంగ అందరు ఒక్కటే వయసు గొడ్తరు."

ఇది ఒకటి. రెండోది, శుక్రవారం బేగంబజార్‌కు ఇత్తడి గిన్నె మాటు వేయించడానికి వెళ్తే, పక్కన తాళ్లు అమ్మే గుండయ్య పలకరించాడు. "మీ అల్లుడుగారు మొన్న ఇరవై గజాల తాడు తీస్కపోయిండ్రు. మనిషి బరువు ఆగుతదా అని రెండుసార్లు అడిగిండ్రు" అన్నాడు. మన ఇంట్లో ఇరవై గజాల తాడుతో కట్టాల్సింది ఏదీ లేదు. ఇల్లంతా వెతికాను, ఆ తాడు ఇంట్లోనూ లేదు.

మూడోది ఇది. నిన్న ఆయన తువ్వాలు కట్టుకుని పెరట్లోకి వస్తుంటే కిటికీలోంచి చూశాను. నడుము చుట్టూ ఎర్రగా తాడు ఒరుసుకున్న గీత. పుష్పమ్మ అంటుంది, కుస్తీలు నేర్పే తాలీంఖానా వెనక ఉన్న పాత మెట్లబావి గట్టు మీద సారు ఒక్కడే నిలబడి నీళ్లలోకి చూస్తుంటే పాలవాడు రెండుసార్లు చూశాడట.

ఇంతవరకు ఆడదాని సంగతి అనుకున్నాను. బావీ, తాడూ కలిస్తే అది వేరే సంగతి. నువ్వు ఏదో ఒకటి నిర్ణయించుకో.

అమ్మ

*

నిర్మల్
25 నవంబరు 1985

అమ్మా,

బడి నుంచే రాస్తున్నాను. పక్క గదిలో ఏడో తరగతి వాళ్లు పద్యం అప్పజెప్తున్నారు, ఒక్క ముక్కా చెవికెక్కడం లేదు.

బావి గట్టు మీద నిలబడ్డ మనిషి సంగతి తెలిసీ నువ్వు తలుపుతో మాట్లాడుతూ కూర్చున్నావా? ఆయన మనసులో ఏముందో ఏమో. మీ అమ్మ నేర్పిన మర్యాద గొప్పదే కావచ్చు, మనిషి పోయాక ఎవరితో పాటిస్తావు? ఈ ఉత్తరం అందిన రోజే వెళ్లి చూడు. ఆ బావి దగ్గరికే వెళ్లు.

నేను సెలవు అడిగాను. పరీక్షల ముందు ఇవ్వడం కుదరదన్నారు.

నాగమణి

*

కార్వాన్
5 డిసెంబరు 1985

చి. నాగమణికి,

ముందు నెమ్మదించు. మనిషి క్షేమం. ఇక చదువు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున శాలువా కప్పుకుని పుష్పమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. మెట్ల మీద పదిమంది కుర్రాళ్లు, పైన తాలీంలో కుస్తీ నేర్పే మహబూబ్ ఉస్తాద్. ఆయన చేతిలో మన ఇరవై గజాల తాడు ఒక కొస ఉంది. రెండో కొస నీళ్లలో ఉంది. తొంగి చూశాను. నా అల్లుణ్ణి ఎవరో చేదతో నీళ్లు తోడినట్టు తోడుతున్నారు.

నడుముకు తాడు, మునగకుండా ఒక పక్క ఎండిన సొరకాయ బుర్ర. ఇదివరకు రెండు బుర్రలు ఉండేవట, ఆ రోజే ఒకటి తీసేశారు. అందుకని మనిషి ఒక పక్కకు ఒరిగి, సరుకు సర్దని పడవలా ఉన్నాడు. "సాబ్, టాంగ్ మారో, టాంగ్. పానీ కో గాలీ మత్ దో" అంటున్నాడు ఉస్తాద్. కాళ్లు కొట్టమనీ, నీళ్లను తిట్టొద్దనీ. మీ ఆయన నోటి నుంచి అన్ని మాటలు వస్తాయని నాకు తెలియదు. పదహారేళ్లుగా గడియారానికి కూడా చెప్పకుండా దాచుకున్నవన్నీ నీళ్లతో అంటున్నారు.

నేను కనపడకుండా వెనక్కి తగ్గాను. కాబట్టి తడి తల, ఎర్ర కళ్లు, తాడు, గీత అన్నీ తేలిపోయాయి.

ఇక తేలనిది. తాలీం గోడ మీద ఒక కాగితం అతికించారు. ఉర్దూలో, కింద తెలుగులో. జనవరి 26న మూడు పోటీలు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో విరామం లేదు. బావిలో అడ్డంగా ఇరవై సార్లు ఈత, వెంటనే గండిపేట దాకా పోయి రావడానికి సైకిలు, దిగీ దిగగానే చార్మినార్ దాకా పోయి రావడానికి పరుగు. ఎవరో డ్రిల్లు మాస్టారు పత్రికలో చూసి తెచ్చాడట, పేరు ట్రయథ్లాన్. మతి ఉన్నవాళ్లు చేరే పోటీ కాదు. చేరినవాళ్ల పట్టికలో పదిహేడో పేరు మీ ఆయనది.

మునగడం నేర్చుకునే వయసులో తేలడం ఎందుకు నేర్చుకుంటున్నారు? నీకోసమైతే నీతో చెప్పేవారు. మనకోసం కాదు గనుకనే మనకు చెప్పలేదు. ఆ రోజు అక్కడ చప్పట్లు కొట్టడానికి ఎవరు వస్తారో చూడాలి. రాహేలు అన్న పేరు మటుకు ఏ బావిలోనూ దొరకలేదు.

లలితమ్మ

*

నిర్మల్
18 జనవరి 1986

అమ్మకు,

నెల దాటింది నీకు రాసి. రాయాలనిపించలేదు.

పోటీ సంగతి ఆయనకు రాసి అడిగాను. "ఏం పోటీ? ఎవరు చెప్పిండ్రు?" అని వచ్చింది జవాబు. నా పెళ్లయ్యాక ఆయన నాకు ఆడిన మొదటి అబద్ధం ఇది, లేదా నాకు దొరికిన మొదటిది. జనవరిలో రాధను తీసుకుని వస్తానంటే, "ఈ నెల రావద్దు. ఫిబ్రవరిలో నేనే వస్త. అన్ని సంగతులు చెప్త" అని రాశారు.

అన్ని సంగతులు అంటే ఎన్ని అమ్మా?

నువ్వు ఒక్క మాట అడగవు. ఆయన ఒక్క మాట చెప్పరు. నేను ఇక్కడ కూర్చుని రెండు వైపుల నుంచీ వచ్చే కాగితాలు చదువుకుంటూ నా కాపురం ఎట్లా ఉందో ఊహించుకోవాలి. చాలు. ఈ రోజు, నాకు హెడ్మాస్టరు పదవి వద్దని రాసి సంతకం పెట్టి ఆఫీసు గుమాస్తా భిక్షపతికి ఇచ్చాను. 30న ఆదిలాబాద్ వెళ్లే తపాలాతో తీసుకుపోతాడు. మార్చిలో వచ్చేస్తాను. ఏది నిజమో నా కళ్లతో చూసుకుంటాను.

ఐదో మాస్టారు ఈ మాట విని వచ్చి, మోకాళ్లు పట్టుకుని చాలాసేపు నిలబడి వెళ్లాడు.

నాగమణి

*

కార్వాన్
27 జనవరి 1986

అమ్మా నాగమణీ,

పొద్దున్నే వెళ్లి నీకు తంతి ఇచ్చాను, "కాగితం పంపవద్దు" అని. తంతిలో కారణం పట్టదు, అందుకని ఇది. ముందు భిక్షపతి దగ్గర నుంచి ఆ కాగితం వెనక్కి తీసుకుని, తర్వాత ఇది చదువు.

నిన్న పోటీ జరిగింది. ఈత నేను చూడలేదు, మగవాళ్లు గోచీలతో ఉన్నచోట నాకేం పని. పుష్పమ్మ వెళ్లి వచ్చింది. "ఇరవై ఆరుగురు వచ్చిండ్రమ్మా. ఇద్దరు మెట్ల మీదనే మనసు మార్చుకున్నరు. సారు అందరికన్న ఆఖరున ఎల్లిండు గాని, బుర్ర లేదు, తాడు లేదు, మునగలే" అని చెప్పి మళ్లీ తాలీం దగ్గరికి ఉరికింది, లడ్డూలు పంచుతారని.

నేను ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సైకిళ్లు గండిపేట వెళ్లి వచ్చాయి. మీ ఆయన గొలుసు గోల్కొండ దగ్గర ఊడిందట, చేతులు నల్లగా మసి. పరుగు మొదలైంది. కుర్రాళ్లు మా ఇంటి ముందు నుంచే పురానాపూల్ వైపు వెళ్లారు, లాడ్ బజార్ మీదుగా చార్మినార్ చుట్టి ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇక ఎవరూ లేరనుకున్నప్పుడు వీధి చివర పదిహేడో నంబరు కనిపించింది. మన ఇంటి ఎదురుగా మూసి ఉన్న కొట్టు అరుగు దాకా వచ్చి, మీ ఆయన దాని మీద కూర్చుండిపోయారు. పిక్క పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

వీధిలో ఎవరూ లేరు. పుష్పమ్మ లేదు. నా వెనక తలుపు ఉంది గాని, వీధి అవతలి మనిషికి తలుపు ఏం చెప్తుంది? లేచి వెళ్లాను.

"ఏంది కూర్చున్నరు?" అన్నాను.

కళ్లు తెరిచి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు. ఎవరూ లేరు.

"కాళ్లు లేస్తలేవు అత్తమ్మా."

"ఎవరికోసం ఈ ఆట? రాహేలు ఎవరు?"

"నర్సమ్మ. పూల్ అవతల మా కంపెనీ దవాఖానాల."

"నర్సమ్మ పరగడుపున ఎందుకు రమ్మంటది?"

"రక్తం తీస్తానికి. తింటే లెక్క తప్పు వస్తది."

"ఎవరి రక్తం?"

"నాదే. షుగర్ అత్తమ్మా. నాగమణి నిర్మల్ పోయినంక నెలకే తెల్సింది. రెండు వందల ఎనభై ఉండె."

నేను చేసిన పాయసం గుర్తొచ్చింది. "నాగమణికి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే నౌకరీ ఇడ్సిపెట్టి వస్తది. దాని సంగతి నాకు తెల్వదా? గందుకే ఈ పోటీ. సర్టిఫికెట్ పట్టుకుని ఫిబ్రవరిల నిర్మల్ పోయి చెప్దామనుకున్న. షుగర్ ఉన్నోడు మూడు పోటీలు ఒక్కపారి చేసిండంటే ఇంక నా ఫికర్ ఎందుకు పడ్తది? నాకు ఎవ్వరు కావలుండే పని లేదని నమ్ముతది. ఇప్పుడు గదీ లేకపాయె."

నాగమణీ, అప్పుడు చెప్పాను. "అది వద్దని కాయిదం రాసిచ్చింది."

"ఎందుకు?"

"నేను రాసిన ఉత్తరాలకు."

మీ ఆయన నన్ను చూశారు. అంతసేపు సూటిగా చూడటం కూడా ఇదే మొదటిసారి. పదహారేళ్ల మాటలు ఏం వస్తాయోనని నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన మళ్లీ పిక్క రుద్దుకోసాగారు. రావాల్సిన తిట్లు రాకపోవడం నేను భరించలేకపోయాను.

"లేవండి. ముందుగాల ఇది పూర్తి చేయండి. కొట్లాట తర్వాత పెట్టుకుందాం. పెండ్లి నాడు కూడ మీరు ఇట్లనే ముహూర్తం దాటినంక వచ్చిన్రు, అయినా పెండ్లి ఆగలే" అన్నాను.

నా భుజం పట్టుకుని లేచారు. తాలీం దాకా ఇంకో రెండు ఫర్లాంగులు. ఆయన పరుగెత్తుతున్నాననే అనుకున్నారు. నేను నడుస్తున్నాను. ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం.

మేము వెళ్లేసరికి షామియానా విప్పుతున్నారు. డ్రిల్లు మాస్టారు పట్టిక మూసి సంచిలో పెట్టుకున్నాడు. "ఖోలో భాయ్, ఆద్మీ ఆరా" అని, మనిషి వస్తున్నాడు తెరవమని ఉస్తాద్ ఒక్క కేక వేసి ఆ పట్టిక తీయించాడు. పూర్తి చేసినవాళ్లు పంతొమ్మిది మంది, మీ ఆయన పంతొమ్మిదో మనిషి. అక్కడే మందుల బల్ల దగ్గర నుంచి ఒక తెల్లచీర లేచి వచ్చి నాడి పట్టుకుంది. పెద్ద కళ్లద్దాలు, నెరిసిన జుట్టు, రేపో మాపో రిటైరయ్యే మనిషి. "మీరేనా అత్తమ్మ? సారు షుగర్‌కన్న మీకే ఎక్కువ భయపడ్తడు" అంది. వెనక నుంచి చూసే మనుషులను నమ్మి కాపురాలు కూల్చకూడదు.

షుగర్ నూట యాభైకి దిగిందట. ఆమే చెప్పింది. ఆమె చేతి రాత నేను చెప్పినట్టే బాగుంది.

ఇక అసలు సంగతి. రాయకుండా ఈ ఉత్తరం మూయొచ్చు, కాని అప్పుడు నేను మీ ఆయన కంటే మేలు ఎట్లా అవుతాను? ఆ దవాఖానా మన ఇంటికి అరమైలు. పరగడుపున రమ్మనే చోటు ఏదో ఆలోచిస్తే నాకు తట్టకపోయేదా? బేగంబజార్ దాకా వెళ్లగలిగిన దాన్ని పూల్ దాటలేనా? దాటలేదు. తెలిస్తే నీకు రాయడానికి ఏమీ మిగలదు. అనుమానం ఉంటే నువ్వు వస్తావు. నువ్వు లేని ఇల్లు నాకు బాగాలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి సిగ్గుపడి, ఐదు నెలలు మీ ఆయన మీద రాశాను.

నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. కాగితం మటుకు వెనక్కి తీసుకో.

అమ్మ

*

నిర్మల్
2 ఫిబ్రవరి 1986

అమ్మకు,

తంతి 28న వచ్చింది. భిక్షపతి మేనకోడలి పెళ్లి ఉందని 27నే తపాలా సంచి తీసుకుని ఆదిలాబాద్ వెళ్లిపోయాడు. నేను రాధను పక్కింట్లో దింపి బస్సెక్కాను. ఆఫీసులో నా కాగితం అప్పటికే ఫైలులో గుచ్చి ఉంది. సూపరింటెండెంటు ముసలాయన. "మీ ఆయన వద్దన్నడా అమ్మా?" అని అడిగాడు. "లేదు, మా అమ్మ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "అత్తలు వద్దంటరు, మొగుళ్లు వద్దంటరు. తల్లి వద్దనుడు ఇదే మొదలు" అని దారం విప్పి కాగితం నా చేతిలో పెట్టాడు. అక్కడే చింపి, ఒప్పుకుంటున్నానని ఇంకోటి రాసిచ్చి వచ్చాను.

నేను ఇక్కడే ఉంటాను అమ్మా.

కోపం ఉంది. ఇద్దరి మీదా. నా ఉద్యోగం నిలపాలని ఆయన నాకు అబద్ధం చెప్పారు. షుగర్ వచ్చిందంటే విని, ఏడ్చి, మర్నాడు బడికి వెళ్లగల మనిషినని ఆయనకు తోచలేదు. నీ సంగతి ఇంకా రాయలేను. "ఒంటరిగా ఉంది" అని ఒక కార్డు ముక్క రాస్తే దసరాకు నిన్నే ఇక్కడికి తెచ్చుకునేదాన్ని. ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కోపం కొంచెం తక్కువ వచ్చింది. మూడోసారి చదవడం లేదు, ఇంకా కొంత కోపం నాకు అవసరం.

ఆయనకు రాశాను. ఇక నుంచి రక్తం తీయించుకున్న మంగళవారమల్లా లెక్క ఎంత వచ్చిందో ముందు నీతో చెప్పాలి. నోటితో. పుష్పమ్మ ద్వారా కాదు.

వేసవి సెలవుల్లో నువ్వు ఇక్కడికి వస్తున్నావు. అడగడం లేదు, చెప్తున్నాను.

నాగమణి

*

కార్వాన్
18 ఫిబ్రవరి 1986

హెడ్మాస్టరమ్మకు,

వస్తాను. ఎండలకు నిర్మల్ ఏమంత గొప్ప ఊరు కాదని విన్నాను, అయినా వస్తాను. ఐదో మాస్టారు కూర్చునే ఉండవచ్చని నా మాటగా చెప్పు.

మీ ఆయన పిక్క నొప్పి తగ్గింది. ఇప్పుడు నేనూ జొన్నరొట్టెలే తింటున్నాను, ఇద్దరికీ రెండు వంటలు చేసే ఓపిక లేదు. పుష్పమ్మకు కాస్త కష్టంగా ఉంది. ఇన్నాళ్లూ మన ఇంటి మాటలన్నీ ఆమె మీదుగా వెళ్లేవి, ఇప్పుడు అంట్లు తప్ప ఏమీ లేవు. "మీరిద్దరు మాట్లాడుకుంటే నాకు ఎట్ల తెలుస్తది" అని అలిగింది.

ఇవాళ మంగళవారం. పొద్దున ఏడున్నరకు వాకిట్లో సైకిలు ఆగింది. నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను. మీ ఆయన చెప్పులు విప్పి, గడియారం వైపు తిరగబోయి, ఆగి నా వైపు తిరిగారు.

"నూట నలభై అత్తమ్మా" అన్నారు.

"సరే" అన్నాను.

ఇవాళ్టికి మా సంభాషణ అంతే. అయితే ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన నేల చూపులు చూశారు. చెవి తమ్మె కూడా ఎర్రబడింది. పది తగ్గించి చెప్పారని నాకు అనుమానం. నువ్వు దీని గురించి ఆయనకు ఏమీ రాయకు. చీటీ ఏదీ అని సాయంత్రం నేనే అడుగుతాను.

మీ అమ్మ